నిప్పటి మాట

సంక్రాంతి నాలుగు దినాలు ఉన్నదనగా నంద్యాల చుట్టుపట్ల పల్లెలలో గాని, ప్రొద్దుటూరు మైదుకూరు ప్రాంతాలలో గాని, పొద్దుగూకే వేళ వీథి వెంట నడిచేవారికి ఏ యింట ఏమి వండుతున్నారో ఒకరు చెప్పనక్కరలేదు. కాగిన శెనక్కాయ నూనెలో కరివేపాకూ నువ్వులూ వేగే వాసన గడపలు దాటి వస్తుంది. పొయ్యి చుట్టూ ముగ్గురు ఆడవారు చేరి ఉంటారు. ఒకరు పిండిని నిమ్మకాయంత ముద్దలుగా చేస్తారు. ఒకరు వాటిని తడిగుడ్డ మీద మునివేళ్లతో గుండ్రంగా తడతారు. పెద్దావిడ జల్లిగంటె చేతబట్టుకొని మూకుడు ముందు కూర్చుంటుంది. పిల్లలు వాకిట్లో ఆడుతున్నట్టే ఉంటారు గాని వారి దృష్టి అంతా వెదురుబుట్ట మీదనే. ఆ బుట్టలో పడేవి నిప్పట్లు.

సెలవులు ముగిసి బడులు తెరచిన తరువాత తెలుగు పంతులుగారు పిల్లలచేత ‘మా యింట పండుగ’ అని ఒక వ్యాసం వ్రాయిస్తారు. పిల్లవాడు తన యింట చూచినది చూచినట్టు ‘మా అవ్వ నిప్పట్లు చేసింది’ అని వ్రాస్తాడు. ఎర్రసిరా కలం ఆ మాట దగ్గర ఆగుతుంది. దానిని కొట్టివేసి పైన ‘చెక్కలు’ అని దిద్దుతుంది. పంతులుగారికి పిల్లవానిపై కోపం లేదు. పరీక్షలో మార్కు పోతుందేమోనన్న భయమే ఉన్నది. ఆయనను ఆయన గురువులు దిద్దినారు, వారిని వారి గురువులు దిద్దినారు. కాని ఆ ఒక్క గీతతో పిల్లవానికి అందిన పాఠం ఏమిటి? తన అవ్వ చేసిన వస్తువుకు తన అవ్వ పెట్టుకున్న పేరు తప్పు అని. అటు తరువాత అతడు ఆ మాటను ఇంట అంటాడు గాని కాగితం మీద పెట్టడు. ఇంకొక తరానికి ఇంటనైనా అనడు.

ఈ విషయం పిండివంటకు సంబంధించిన స్వల్ప విషయమని కొందరు అనవచ్చు. స్వల్పమే. అయితే ఆ మాట మంచి చెడ్డలు కొంచెం విచారించి చూస్తే, దిద్దినవారే దిద్దుబాటు పొందవలసి వస్తుందేమో!

నిప్పట్లు అనగానే నిప్పు, అట్టు అనే రెండు మాటలు కలిసి నిప్పట్టు అయినదని చాలామంది అర్థం చెబుతారు. వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని నిప్పు మీద కాల్చని అట్టు ఏది? దోసె అయినా నిప్పు మీదిదే, రొట్టె అయినా నిప్పు మీదిదే. ఈ ఒక్కదానికే ఆ బిరుదు ఎందుకు వచ్చినదో ఆ వ్యుత్పత్తి చెప్పలేదు. పైగా నిప్పట్టు పెనం మీద కాలేది కాదు, నూనెలో వేగేది. నిఘంటువులలో కనిపించే రూపం ‘నిప్పటి’. ఒక విధమైన భక్ష్యమని దానికి అర్థం. దుప్పటికి బహువచనం దుప్పట్లు, కుంపటికి కుంపట్లు. అదే దారిలో నిప్పటికి నిప్పట్లు. ఒక్కటే నిప్పటి చేసేవారు లోకంలో ఉండరు కనుక ఈ మాట ఎప్పుడూ బహువచనంలోనే నాలుకమీద ఆడుతుంది. ఏకవచనం మరపున పడిన తరువాత, అట్లకు అట్టు ఉన్నది గదా అని నిప్పట్లకు నిప్పట్టు కల్పించుకొని ఉంటారు. కన్నడంలో కూడ నిప్పట్టు అనే అంటారు. తుంగభద్రకు ఇవతలివారూ అవతలివారూ ఒకే సంతలో తిరిగినవారు గనుక ఏది ఎవరి నుండి ఎవరికి వెళ్లినదని తగవులాడుకోవడం అనవసరం. తమిళులు దీనికి దగ్గర వంటను తట్టై అంటారు. తట్టడం వల్ల ఆ పేరు. కోస్తాలో చెక్కలు, పప్పుచెక్కలు. తెలంగాణంలో చెక్కలనీ, చెక్కగారెలనీ, అప్పాలనీ ఊరికొక తీరు. ఇన్ని పేర్లు గల వస్తువుకు ఒక్కటే పేరు శిష్టమనీ తక్కినవి గ్రామ్యమనీ తీర్పు చెప్పిన న్యాయస్థానం ఎక్కడున్నది?

చెక్క అనే మాటపై ఇక్కడ ఎవరికీ పగ లేదు. అది మంచి తెలుగు మాట. నిమ్మచెక్క, కొబ్బరిచెక్క అన్నట్టుగా తునకను చెప్పే మాటను, బల్లపరుపుగా గట్టిగా ఉన్న వంటకు పెట్టుకున్నారు. గుంటూరు పిల్లవాడు చెక్కలు అని వ్రాస్తే అది అతని హక్కు. ఆళ్లగడ్డ పిల్లవాడు నిప్పట్లు అని వ్రాయడం కూడ అటువంటి హక్కే అని చెప్పడమే ఇక్కడ ఉద్దేశం.

ఇక ఆ వస్తువు సంగతి. నిప్పటికి ప్రాణం దాని గుల్లదనం. పంటి కింద పెట్టగానే విరగాలి. విరిగిన తునక నోటిలో పొరలుగా విడిపోవాలి. రాయివలె ఎదురు తిరిగితే చేసినావిడకు తలవంపులు; చేతిలోనే పొడి అయితే అదీ తలవంపులే. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని దారిని ఆడవారు కొలతపాత్రలు లేకుండా ఎట్లా పట్టుకున్నారో సైన్సు చదివే విద్యార్థులు ఆలోచించదగినది. ఉత్తరదేశంలో మఠ్రీ అనే పిండివంట ఉన్నది, గోధుమపిండితో చేస్తారు. గోధుమపిండిలో నీరు పోసి పిసికితే అందులోని మాంసకృత్తులు జిగురుగా సాగి వలవలె అల్లుకుంటాయి. ముందుగా నెయ్యి వేసి పిండిని నలిపితే ఆ నెయ్యి పిండి రేణువులను కప్పి వల బిగువుగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది. అందుచేత మఠ్రీ పొరలుగా విరుగుతుంది. బియ్యపుపిండిలో ఆ జిగురు లేనే లేదు. కనుక నిప్పటికి కష్టం వేరు: సాగకుండా చేయడం కాదు, విడిపోకుండా నిలపడం. కాచిన నూనె గాని వెన్న గాని పిండిలో వేసి, అరచేతుల నడుమ నలిపి, పిడికిట పట్టితే ముద్ద నిలిచి, వేలితో తాకితే రాలేటట్టు ఉండాలని పెద్దలు చెబుతారు. ఆ తరువాతనే నీరు, అదీ చిలకరించినట్టు. నీరు ఎక్కువైతే పిండి నూనె త్రాగుతుంది. తక్కువైతే తట్టినప్పుడు అంచులు పగులుతాయి.

పిండిలో పడే వస్తువులు కూడ ఊరక పడవు. వేయించిన పప్పుల పొడి తేమను పీల్చుకొని పిండిని పట్టి ఉంచుతుంది. కచ్చాపచ్చాగా దంచిన శెనక్కాయ విత్తనాలు తమ నూనెను తామే తెచ్చుకుంటాయి. ఆ విత్తనం బరువులో ఇంచుమించు సగం నూనెయే. నానబెట్టిన శనగపప్పు అక్కడక్కడ పలుకుగా తగులుతుంది. తట్టిన బిళ్లమీద వేలితోనో పుల్లతోనో నాలుగు పొడుపులు పొడుస్తారు. అది అలంకారం కాదు. పొడవకపోతే లోపలి తేమ ఆవిరియై పూరీవలె పొంగిస్తుంది. పొంగిన నిప్పటి మరునాటికి మెత్తబడుతుంది. నూనెలో వేసినప్పుడు బుసబుస నురుగు వస్తుంది. నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరియై పోతుంది, నూనె అంతకు ఎంతో ఎక్కువ వేడిమీద ఉంటుంది. ఆ నురుగంతా పిండిలోని నీరు బయటికి పరుగెత్తడమే. నురుగు అణగినప్పుడు నీరు పోయినదన్నమాట. పెద్దావిడ మూకుడులోకి చూడనైనా చూడకుండా, చప్పుడు తగ్గడం విని జల్లిగంటె దించుతుంది. నీరు పోయిన వస్తువుకు బూజు పట్టదు కనుక మూతగట్టి డబ్బాలో పోస్తే రెండు మూడు వారాలు చెడదు.

ఆ రెండు మూడు వారాల నిలువే ఈ సీమలో దీనికి విలువ తెచ్చినది. ఉగాదికి ముందు కన్నడ దేశం నుండి భక్తులు కాలినడకన కర్నూలు మీదుగా నల్లమల చొచ్చి, నాగలూటి, పెచ్చెరువు దాటి శ్రీశైలం చేరుకుంటారు. అడవి దారిలో సద్దిమూట ఎంత తేలికగా ఉంటే అంత మేలు. అందులో ఉన్నది ఎంత కాలం నిలిస్తే అంత మేలు. చదువులకు పట్నం వెళ్లే పిల్లవాని పెట్టెలోకి, కొత్తకోడలి సారెలోకి, ఇప్పుడు విమానమెక్కి డల్లాసుకు పోయే కుమారుని సంచిలోకి నిప్పట్లు చేరడానికి కూడ కారణం అదే.

అయితే ఇది ఈ సీమ ప్రజల నిత్యాహారంలోనిదని ఎవరైనా అనుకుంటే పొరబాటు. సాలుకు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనివేసినది. ఆ కాలువ క్రింద ఉన్న ఊళ్లలో వరి పండినది. కాలువ లేని చోట కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక. ధాతు కరువని పేరు పడిన 1876–78 నాటి క్షామంలో ఆ గింజలు కూడ దొరకక జనం రాలిపోయినారు. మెట్ట గ్రామాలలో వరిబియ్యం పండుగకో, పెండ్లికో, రోగికో. ఆ సంవత్సరపు కొద్ది బియ్యంలో నుండి రెండు శేర్లు తీసి విసిరి, నూనెలో వేయించి, బంధువులకు పంచడమంటే అది చిన్న సంగతి కాదు. నిప్పట్లు మూడు వంతులు ఇచ్చి ఒక వంతు తినే వంట. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత బియ్యం ప్రతి యింటి కుండలోకి చేరినది. అది పేదవాని కడుపు నింపిన పని. దానిని ఎవరూ తప్పుపట్టలేరు. కాని దానితోబాటు కొర్రబువ్వ తినడం నామోషీ అయినది. సజ్జపిండితోనూ కొర్రపిండితోనూ చేసిన నిప్పట్లను పిల్లలకు కనబడకుండా దాచినట్టు అయినది. ఇప్పుడు అవే చిరుధాన్యాలు వైద్యుల నోట వినవస్తున్నవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ‘సూర్యనంది’ కొర్ర రకం పేరు రైతులకు బాగా తెలుసు. పట్టణాల దుకాణాలలో కొర్ర నిప్పట్లు బియ్యపు నిప్పట్ల కంటె ఎక్కువ ధర పలుకుతున్నవి. అవ్వ బ్రతికి ఉంటే నవ్వి ఉండేది.

సంప్రదాయమనే మాటను వాడేటప్పుడు కూడ కొంచెం జాగ్రత్త అవసరం. నిప్పటిలో కారమైనది మిరప. అది అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అంతకు ముందు ఈ దేశపు వంటలకు కారమంటే మిరియాలే. నిప్పటిలో కమ్మనైనది శెనక్కాయ. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మద్రాసు రాజధానిలో అది విస్తారంగా సేద్యానికి వచ్చినది 19వ శతాబ్దిలో. నేడు శెనక్కాయ లేని సీమ వంటను ఊహించడమే కష్టం. ఎర్రనేలలో వాన వెనుకబడినా కొంత తట్టుకుంటుందని రైతు దానిని పట్టుకున్నాడు. అది రైతును ఎన్నిసార్లు విడిచిపెట్టినదో లెక్కకు మించినది. వాన ఎత్తిపోయిన సంవత్సరం చేను మీద పెట్టిన విత్తనపు ఖర్చు కూడ రాక ఇల్లు విడిచి వలసపోయినవారు ఈ జిల్లాలలో ప్రతి ఊరా ఉన్నారు. ఆ విత్తనమే పండుగపూట పిండిలో పడుతున్నది. ఇంతకూ చెప్పవచ్చినది, నిప్పటిలోని సరుకులు మారుతూ వచ్చినవి, పేరు నిలిచినది. ఇప్పుడు సరుకులు అట్లాగే ఉండి పేరు పోయే కాలం వచ్చినది. చిత్రమే గదా!

పేరు పోవడంలో బడికి ఎంత పాలు ఉన్నదో అంగడికి అంత ఉన్నది. సంచులలో కట్టి అమ్మే వ్యాపారి ఆదోనిలోనూ అమలాపురంలోనూ ఒకే చీటీ అంటించాలనుకుంటాడు. రెండు పేర్లు అచ్చు వేయడం అతనికి దండుగ. అతని లెక్క అతనిది. అతడు శెనక్కాయ నూనెకు బదులు అంతకంటె చవకైన పామాయిలు వాడుతాడు. అదీ అతని లెక్కే. కాని కొనేవారికి కూడ ఒక లెక్క ఉండాలి. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచితే అది విరిగి హానికరమైన పదార్థాలు పుడతాయి. అటువంటి పదార్థాలు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రతా సంస్థ నియమం 2018 జూలై 1 నుండి అమలులో ఉన్నది. నియమం కాగితం మీద ఉన్నది, మూకుడు వీథి చివర ఉన్నది. రెండింటికీ దూరం ఎక్కువ. ఊళ్లలో నలుగురు స్త్రీలు కలిసి పొదుపు సంఘం పెట్టుకొని, ఒక ఇంటి వసారాలో నిప్పట్లు చేసి అమ్ముతున్న చోట్లు కొన్ని ఉన్నవి. వారి సరుకు చూపుకు అంత అందంగా ఉండదు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. తిన్నవారు మాత్రం మళ్లీ ఆ వసారాకే వస్తారు. పేరు కూడ అక్కడ చెడలేదు.

తిరిగి ఎర్రసిరా దగ్గరికి వస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాము. ఆయన జీవితమంతా పోరాడినది జనం నోటి భాషకు పుస్తకంలో చోటు కోసం. ఆ పోరాటం గెలిచినది. గెలిచిన తరువాత పుస్తకంలో చోటు దొరికినది మాత్రం కృష్ణా గోదావరి తీరాల నోటి భాషకు ఎక్కువగా, తక్కినవారి నోటి భాషకు తక్కువగా. ఇందులో కుట్ర ఏమీ లేదు. అచ్చాఫీసులు, పత్రికలు, కళాశాలలు మొదట ఎక్కడ పెరిగినవో అక్కడి మాట ప్రమాణమైనది. గ్రంథభాష పోయి వ్యవహారభాష వచ్చినదని సంతోషించిన కర్నూలు విద్యార్థికి, ఒక పరాయి మాట పోయి ఇంకొక పరాయి మాట వచ్చినది, అంతే.

ఈ లోపాన్ని పెద్దలు గుర్తించకపోలేదు. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశాన్ని తలపెట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని వెలువరించినది. రైతు వద్దకు, మగ్గం వద్దకు పండితులు వెళ్లి మాటలు అడిగి వ్రాసుకున్నారు. వంటింటి పొయ్యి వద్ద కూడ అంత ఓపికతో కూర్చోవలసి ఉన్నది. అది వృత్తి కాదనుకున్నారో, ఆడవారి పని గనుక అందరికీ తెలిసినదే అనుకున్నారో! కడప బంగళాలో పండితులను చేర్చుకొని తెలుగు తాళపత్రాలు పరిష్కరింపజేసిన బ్రౌన్ దొర, తన నిఘంటువులోకి కావ్యాలలోని మాటలతోబాటు జనం వాడే మాటలను కూడ రానిచ్చినాడు. కేతు విశ్వనాథరెడ్డిగారు కథలు వ్రాయడమేగాక కడప జిల్లా ఊళ్ల పేర్లను ఏరి పరిశోధించినారు. ఊరిపేరు చరిత్రకు ఆధారమైతే వంటపేరు ఎందుకు కాకూడదు?

ఉపాధ్యాయులకు ఇది పెద్ద భారం కాదు. ఒక్క వేరుశనగనే తీసుకొనవచ్చు. కోస్తావారికి అది వేరుశనగ, తెలంగాణంవారికి పల్లీ, కడపవారికి శెనక్కాయ, కర్నూలువారిలో చాలామందికి బుడ్డలు. మరమరాలకు ఇక్కడ బొరుగులు, ఉల్లిపాయకు ఎర్రగడ్డ, వెల్లుల్లికి తెల్లగడ్డ, జంతికకు మురుకు. ఈ జంటలను నల్లబల్ల మీద వ్రాసి, ఏది ఎక్కడ వాడుతారో పిల్లలచేత చెప్పించితే ఒక పీరియడు హాయిగా గడచిపోతుంది. తరగతిలో ఉద్యోగరీత్యా వేరే జిల్లా నుండి వచ్చినవారి పిల్లలు ఇద్దరైనా ఉంటారు. పాఠం వారి నోట మరింత రక్తి కడుతుంది. పరీక్ష వ్రాసే పిల్లవానికి ‘నిప్పట్లు (చెక్కలు)’ అని రెండూ వ్రాయమని చెప్పవచ్చు. ఏ పరీక్షకుడూ దానికి మార్కు తీయజాలడు. తీసినట్లయితే ఆ పరీక్షకునికి దుప్పటి, కుంపటి ఉదాహరణలు వినిపించవలసి ఉంటుంది.

విద్యార్థులు చేయదగిన పని ఇంకొకటి ఉన్నది. ఈసారి పండుగ సెలవులలో మూకుడు పెట్టిననాడు వాకిట ఆడుకోవడం ఒక గంట మాని, నోటుపుస్తకంతో పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. పిండి పిడికిట నిలిచే పాకాన్ని అవ్వ ఏమంటుంది? నూనె త్రాగిన నిప్పటిని ఏమంటుంది? విరిగిన ముక్కలకు వేరే పేరు ఉన్నదా? బుట్టకు, జల్లిగంటెకు, మొదటి వాయికి, చివరి వాయికి ఆమె వాడే మాటలేవి? అడిగితే ఆమె మొదట ‘ఇవన్నీ ఎందుకురా నీకు’ అంటుంది. రెండవ వాయి దించేసరికి తనంతట తానే చెప్పుకుపోతుంది. చేతికి ఒక నిప్పటి ఇచ్చి, కాలుతుంది జాగ్రత్త అని కూడ అంటుంది. ఆ నోటుపుస్తకం బడికి వచ్చిననాడు పంతులుగారు ఎర్రసిరా కలానికి మూత పెట్టి చదవవలసి ఉంటుంది. అందులో ఆయనకు తెలియని మాటలు నాలుగైనా ఉండకపోవు.